చదువుల తల్లి – విట్బీ హిల్డా

(ట్రస్టు వార్షిక ఉపకార వేతనాల ప్రదాన సభలో చేసిన ప్రసంగ పాఠం)



విద్య గురించి నాలుగు మంచి మాటలు చెప్పమని పెద్దలు నన్ను ఆదేశించారు. మంచి మాటలు చెప్పడం తేలిక, వినడమే కష్టం. చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన వాణ్ణి కనుక నాకు తెలిసిన దారిలోనే వస్తాను. ఒక మనిషి జీవితం చెబుతాను. ఆమె మన దేశస్థురాలు కాదు, మన కాలం మనిషి కాదు. మనలో చాలామందికి ఆమె మతమూ వేరు. అయినా ఉపకార వేతనాల సభలో చెప్పుకోదగిన జీవితం ఇంతకంటే నాకు మరొకటి తట్టలేదు. ఎందుకో కథ పూర్తయ్యేసరికి మీకే తెలుస్తుంది.

ఆమె పేరు హిల్డా. ఇంగ్లండు ఉత్తర భాగంలో నార్తంబ్రియా అనే రాజ్యంలో క్రీ.శ. 614లో పుట్టింది. మన కడప జిల్లా కలమళ్ళ శాసనం సుమారు 575 నాటిదంటారు. అంటే తెలుగు వాక్యం రాతి మీదికి ఎక్కిన కొద్ది కాలానికే ఈమె పుట్టిందన్న మాట. ఆమె గురించి మనకు తెలిసినదంతా దాదాపు ఒకే పుస్తకం నుంచి వచ్చింది. బీడ్ అనే సన్యాసి 731లో ముగించిన ఇంగ్లండు క్రైస్తవ సంఘ చరిత్ర అది. హిల్డా చనిపోయేనాటికి బీడ్ ఏడెనిమిదేళ్ళ పిల్లవాడు. ఆమెను ఎరిగినవాళ్ళు ఇంకా బతికి ఉన్న రోజుల్లోనే పెరిగినవాడు.

తండ్రి లేని పిల్ల

హిల్డా రాజవంశంలో పుట్టింది. నార్తంబ్రియా రాజు ఎడ్విన్‌కు వరుసకు మనవరాలు. రాజవంశం అనగానే హాయిగా పెరిగి ఉంటుందనుకుంటాం. ఆ కాలంలో రాజబంధువుగా పుట్టడం ప్రాణాపాయంతో సమానం. ఆమె తండ్రి హెరెరిక్ పరాయి రాజు పంచన ప్రవాసంలో ఉండగా విషప్రయోగం వల్ల చనిపోయాడు. అప్పటికి హిల్డా పసిబిడ్డ.

తల్లి పేరు బ్రెగుస్విత్. ఆమెకు వచ్చిన కలను బీడ్ రాశాడు. కలలో ఆమె కనిపించకుండాపోయిన భర్త కోసం వెతుకుతూ ఉంటుంది. ఎంత వెతికినా భర్త దొరకడు. కానీ తన వస్త్రంలోనే ఒక హారం దొరుకుతుంది. చూస్తుండగానే దాని కాంతి బ్రిటన్ దేశమంతా నిండిపోతుంది. ఆ హారం ఈ కూతురే అని బీడ్ అంటాడు. కలలను నమ్మాలా వద్దా అన్నది పక్కన పెట్టండి. భర్తను పోగొట్టుకొని, చంటిబిడ్డతో మిగిలిన ఒక ఆడమనిషి తన కూతురిని బరువు అనుకోలేదు, వెలుగు అనుకుంది. మన ఇళ్ళలో ఆడపిల్ల పుట్టినప్పుడు అనే మాటలు గుర్తు చేసుకుంటే ఈ కల విలువ తెలుస్తుంది.

627లో ఈస్టరు రోజున యార్కు పట్టణంలో, అప్పటికప్పుడు కట్టిన కొయ్య చర్చిలో ఎడ్విన్ రాజు జ్ఞానస్నానం తీసుకున్నాడు. ఆయనతోపాటే పదమూడేళ్ళ హిల్డా కూడా తీసుకుంది. ఇచ్చినవాడు పౌలినస్ అనే బిషప్పు. ఆరేళ్ళకే, 633లో, ఎడ్విన్ యుద్ధంలో చనిపోయాడు. రాణి, పిల్లలు, పౌలినస్ దక్షిణాన కెంట్ రాజ్యానికి పారిపోయారు. ఇలాంటి కల్లోలాల మధ్య హిల్డా పెరిగి పెద్దదైంది.

ఒక కుటుంబానికి సరిపడే భూమి

ముప్పై మూడేళ్ళ వయసులో ఆమె సన్యాసం స్వీకరించాలని నిర్ణయించుకుంది. ఆమె బతికింది అరవై ఆరేళ్ళు. సరిగ్గా సగం జీవితం లోకంలో, సగం మఠంలో అని బీడ్ లెక్క చెబుతాడు.

ఆమె తోబుట్టువు హెరెస్విత్ అప్పటికే నేటి ఫ్రాన్సులో పారిస్ దగ్గరి షెల్ మఠంలో ఉంది. హిల్డా కూడా అక్కడికే వెళ్ళాలని తూర్పు ఆంగ్లియా దాకా వచ్చి ఏడాదిపాటు వేచి ఉంది. ఇంతలో ఎయిడన్ అనే బిషప్పు కబురు పంపాడు. ఈయన ఐర్లండు సంప్రదాయానికి చెందిన సన్యాసి, స్కాట్లండు పడమటి తీరాన ఉన్న అయోనా ద్వీపం నుంచి వచ్చి నార్తంబ్రియాలో పనిచేస్తున్నవాడు. విదేశానికి పోవద్దు, నీ అవసరం ఇక్కడే ఉందన్నది ఆ కబురు సారాంశం. ఆమె వెనక్కి వచ్చింది.

వచ్చినందుకు ఆమెకు దొరికింది పెద్ద మఠం కాదు. వేర్ నది ఉత్తరపు ఒడ్డున ఒక హైడ్ భూమి. హైడ్ అంటే ఒక కుటుంబం బతకడానికి సరిపడే భూమి. రాజుగారి మనవరాలు కొద్దిమంది తోటివాళ్ళతో అక్కడ ఏడాదిపాటు ఉంది. ఆ తరువాత హార్ట్‌పూల్ మఠానికి అధ్యక్షురాలైంది. పిల్లలూ, ఈ వివరం గుర్తుపెట్టుకోండి. ఈ రోజు మీరందుకునే చెక్కు పెద్ద మొత్తం కాకపోవచ్చు. ఫీజులో సగానికే సరిపోవచ్చు. మొదట దొరికేది ఎప్పుడూ ఒక హైడే.

హార్ట్‌పూల్‌లో ఆమె చేసిన మొదటి పని మఠానికి ఒక క్రమం ఏర్పరచడం. ఎయిడన్, ఇంకా తెలిసిన పెద్దలు తరచుగా వచ్చి ఆమెకు పాఠాలు చెప్పేవారు. అధ్యక్షురాలి కుర్చీలో కూర్చున్నాక కూడా ఆమె విద్యార్థినిగానే ఉండిపోయింది.

విట్బీ మఠం

655లో ఓస్వియు అనే నార్తంబ్రియా రాజు, పెండా అనే బలవంతుడైన శత్రువుతో యుద్ధానికి దిగాడు. గెలిస్తే తన కూతురిని దేవునికి అర్పిస్తాననీ, మఠాలకు భూములు ఇస్తాననీ మొక్కుకున్నాడు. గెలిచాడు. ఏడాది నిండని కూతురు ఏల్ఫ్లెడ్‌ను తెచ్చి హిల్డాకు అప్పగించాడు. పన్నెండు చోట్ల భూములు ఇచ్చాడు. ఆ తరువాత రెండేళ్ళకు, 657లో, పది హైడ్ల భూమిలో సముద్రపు ఒడ్డున ఎత్తైన గుట్ట మీద హిల్డా కొత్త మఠం స్థాపించింది. అప్పటి పేరు స్ట్రెనెషాల్క్. తరువాతి కాలంలో విట్బీ అన్నారు.

ఆ మఠంలో స్త్రీలూ ఉండేవారు, పురుషులూ ఉండేవారు. నివాసాలు వేరు వేరు, ప్రార్థన ఒకటే, పాలన ఒకటే. ఆ పాలన ఒక స్త్రీ చేతిలో ఉండేది. ఇలాంటి జంట మఠాలు ఆ కాలంలో ఇంగ్లండులోనూ గాల్ దేశంలోనూ ఉండేవి. విట్బీలో ఎవరికీ సొంత ఆస్తి లేదు, అన్నీ అందరివి. ధనికులూ లేరు, పేదలూ లేరు. సామాన్యులే కాక రాజులూ రాజకుమారులూ కూడా చిక్కులు వచ్చినప్పుడు సలహా కోసం ఆమె దగ్గరికి వచ్చేవారు. ఆమెను ఎరిగినవారంతా అమ్మా అని పిలిచేవారని బీడ్ రాశాడు.

1920లలో అక్కడ తవ్వకాలు జరిపినప్పుడు గంటాలు దొరికాయి. మన తాతలు తాటాకు మీద రాసే గంటం వంటివే, అక్కడ మైనం పలకల మీద రాయడానికి వాడేవారు. నూలు వడికే, బట్ట నేసే పనిముట్లు కూడా దొరికాయి. అంటే అక్కడ చదువూ ఉంది, చేతిపనీ ఉంది. ఒకదాని కోసం రెండోదాన్ని చిన్నచూపు చూడలేదు.

ఇక చదువు సంగతి. తన కింద ఉన్నవారంతా రోజూ శాస్త్రపఠనానికి తగిన సమయం కేటాయించాలని హిల్డా నియమం పెట్టింది. ఆ ఒక్క మఠం నుంచి ఐదుగురు బిషప్పులు తయారయ్యారు. బోసా, ఏట్లా, ఓఫ్ట్‌ఫోర్, జాన్, విల్‌ఫ్రిడ్ అని బీడ్ పేర్లతో సహా చెబుతాడు. వీరిలో జాన్ తరువాత బీడ్‌కే గురుపట్టం ఇచ్చాడు. ఓఫ్ట్‌ఫోర్ కథ మన విద్యార్థులకు పనికివస్తుంది. హిల్డా నడిపిన రెండు మఠాల్లోనూ చదివి, అది చాలదని కెంట్‌కు వెళ్ళి థియొడోర్ అనే పండితుడైన ఆర్చిబిషప్పు దగ్గర చదివాడు. అదీ చాలదని రోము దాకా వెళ్ళి వచ్చాడు. ఆమె వారిని తన నీడలో కట్టిపడేయలేదు.

పండుగ తేదీ పేచీ

664లో విట్బీలో ఒక పెద్ద మహాసభ జరిగింది. చర్చకు వచ్చిన విషయం ఈస్టరు పండుగ తేదీ. నవ్వకండి. మన ఇళ్ళలో కూడా రెండు పంచాంగాలు ఒకే పండుగకు రెండు తేదీలు చూపిస్తాయి, ఏది పాటించాలని పెద్దలు వాదించుకుంటారు. ఈస్టరు చంద్రమానాన్ని బట్టి, ఆదివారాన్ని బట్టి వచ్చే పండుగ. ఐర్లండు సన్యాసులు 84 ఏళ్ళ చక్రంతో లెక్క కట్టేవారు. రోము వారిది 19 ఏళ్ళ చక్రం. ఓస్వియు రాజు ఐర్లండు పద్ధతి. రాణి ఎయన్‌ఫ్లెడ్ కెంట్‌లో పెరిగింది కనుక రోము పద్ధతి. కొన్నిసార్లు రాజు పండుగ చేసుకుంటుంటే రాణి ఇంకా ఉపవాసంలో ఉండేదట. ఒకే ఇంట్లో!

ఐర్లండు పక్షాన కోల్మన్ అనే బిషప్పు, రోము పక్షాన విల్‌ఫ్రిడ్ వాదించారు. ఈ విల్‌ఫ్రిడ్, పైన చెప్పిన ఐదుగురిలోని విల్‌ఫ్రిడ్ వేరు వేరు. రెండు పక్షాలకూ ఒకరి భాష మరొకరికి చెప్పడానికి సెడ్ అనే బిషప్పు దుబాసీగా కూర్చున్నాడు. తీర్పు చెప్పింది రాజు. తాను ఇంతకాలం పాటించిన పద్ధతిని వదిలి, రోము పక్షానికే తీర్పు ఇచ్చాడు.

హిల్డాది ఐర్లండు పక్షం. ఆమెను పిలిచి, నేర్పి, నిలబెట్టిన ఎయిడన్ ఆ సంప్రదాయం వాడు. తన మఠంలో, తన కళ్ళ ముందే తన పక్షం ఓడిపోయింది. ఓడినవారిలో కోల్మన్, తనతో వచ్చినవారిని తీసుకొని అయోనాకూ, అక్కడి నుంచి ఐర్లండుకూ వెళ్ళిపోయాడు. అతను తన నమ్మకాన్ని వదులుకోలేదు, అందుకు మనం గౌరవించాలి. హిల్డా మాత్రం ఉండిపోయింది. సభ నిర్ణయాన్ని ఒప్పుకొని మరో పదహారేళ్ళు ఆ మఠాన్ని నడిపింది. పండుగ తేదీ మారింది, చదువు ఆగలేదు.

ఈ భాగాన్ని నేను పెద్దలకే ఎక్కువగా చెబుతున్నాను. మన సంఘాలలో, ట్రస్టులలో ఓటింగులో ఓడిపోయినవారు రాజీనామా ఇచ్చి, వేరే సంఘం పెట్టి, పిల్లలకు అందవలసిన సాయాన్ని రెండు ముక్కలు చేసిన సందర్భాలు మీకూ తెలుసు. వాదించడం తప్పు కాదు. ఓడాక కూడా పిల్లల పని చేయగలిగినవారే అసలైన పెద్దలు.

పశువుల కాపరి పాట

ఇప్పుడు నేను ముఖ్యంగా చెప్పదలచుకున్న సంగతికి వస్తున్నాను.

విట్బీ మఠం దగ్గర కేడ్మన్ అనే పశువుల కాపరి ఉండేవాడు. వయసు మళ్ళినవాడు, చదువు లేదు. విందులు జరిగినప్పుడు హార్పు అనే తంత్రీవాద్యాన్ని ఒకరి చేతి నుంచి మరొకరికి అందించేవారు. ఎవరి చేతికి వస్తే వారు పాడాలి. వాద్యం తన వైపు వస్తున్నదని చూడగానే కేడ్మన్ మెల్లగా లేచి ఇంటికి వెళ్ళిపోయేవాడు. తనకు పాటలు రావని అతని నమ్మకం.

పిల్లలూ, ఈ కేడ్మన్ ఎవరో మీకు తెలుసు. క్లాసులో మాస్టారు ప్రశ్న అడుగుతూ ఒక్కో బెంచీ దాటి వస్తుంటే తల వంచుకొని కూర్చునే పిల్లవాడే అతను. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, బడిలో కన్నడమో తమిళమో ఒడియానో మరాఠీనో చదువుతూ, కాలేజీకి వచ్చేసరికి ఇంగ్లీషు ఎదురై, నోరు విప్పితే నవ్వుతారేమో అనుకునే అమ్మాయే అతను. తెలివి లేక కాదు, వంతు వస్తుందని భయం.

ఒక రాత్రి అలాగే విందు నుంచి లేచి పశువుల కొట్టానికి వెళ్ళాడు. ఆ రాత్రి పశువుల కాపలా అతనిదే. నిద్రలో ఎవరో పేరు పెట్టి పిలిచి పాడమన్నారు. నాకు రాదు, రాకనే కదా వచ్చేశానన్నాడు. అయినా పాడాలి, సృష్టి ఆరంభాన్ని గురించి పాడమని ఆ మనిషి అన్నాడు. అంతకుముందు ఎన్నడూ వినని పాట అతని నోట వచ్చింది. మెలకువ వచ్చాక కూడా గుర్తుంది.

తెల్లవారి అతను తన పై అధికారికి చెప్పాడు. ఆ అధికారి నవ్వి పంపించి ఉండవచ్చు. అలా చేయకుండా నేరుగా హిల్డా దగ్గరికి తీసుకెళ్ళాడు. ఇప్పుడు హిల్డా ఏం చేసిందో చూడండి. వెంటనే పొగడలేదు, తోసిపుచ్చనూ లేదు. చదువుకున్నవారిని పిలిపించి, వారి ఎదుట అతని చేత పాడించింది. వారు అతనికి శాస్త్రంలోని ఒక భాగం వివరించి, చేతనైతే దీన్ని పాటగా కట్టమన్నారు. అతను వెళ్ళి మర్నాడు ఉదయం చక్కటి పాటతో తిరిగి వచ్చాడు. అప్పుడు హిల్డా అతన్ని మఠంలో చేర్చుకొని, శాస్త్ర చరిత్రంతా వరసగా నేర్పించమని ఏర్పాటు చేసింది. అతను విన్నదాన్ని ఆవు మేత నెమరువేసినట్టు మనసులో తిప్పుకొని పాటగా మార్చేవాడని బీడ్ పోలిక చెబుతాడు. నెమరువేయడం అన్న మాటను మనమూ చదువుకు వాడతాం కదా.

కేడ్మన్ మొదటి పాట తొమ్మిది పాదాలు మిగిలి ఉంది. బీడ్ పుస్తకం 8వ శతాబ్దపు ప్రతులు కేంబ్రిడ్జిలోనూ రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గులోనూ ఉన్నాయి. వాటిలో ఈ పాట కూడా ఉంది. పేరు తెలిసిన కవులలో ఇంగ్లీషు భాషకు మొదటివాడు కేడ్మనే. ఈ రోజు మనమంతా భయపడే ఇంగ్లీషు, ఆ రోజుల్లో లాటిన్ ముందు నిలబడలేని ఇంటి భాష, పశువుల కాపరుల భాష. హిల్డా దాన్ని లోపలికి పిలిచి కూర్చోబెట్టింది. ఇళ్ళలో మాత్రమే తెలుగు మిగుల్చుకున్న మనవంటి వాళ్ళకు ఇది చిన్న విషయం కాదు. బడి భాష బాగా నేర్చుకోండి, ఇంగ్లీషూ నేర్చుకోండి. ఇంటి భాషకు మాత్రం సిగ్గుపడకండి.

చివరి ఆరేళ్ళు, ఆ తరువాత

హిల్డా చివరి ఆరేళ్ళు తీవ్రమైన జ్వరంతో బాధపడింది. ఆ ఆరేళ్ళలోనూ బోధించడం మానలేదు. 680 నవంబరు 17న తెల్లవారుజామున కన్నుమూసింది. తోటివారిని పిలిచి, మీలో మీరు శాంతిగా ఉండండని చెబుతూ పోయింది. ఏడాది నిండకుండా ఆమె చేతికి వచ్చిన ఏల్ఫ్లెడ్, తల్లి ఎయన్‌ఫ్లెడ్ రాణితో కలిసి ఆ తరువాత మఠాన్ని నడిపింది. పెంచిన బిడ్డ చేతిలోనే పెట్టి వెళ్ళింది.

ఆ తరువాతి కథ అంత సంతోషంగా లేదు. 9వ శతాబ్దంలో డేన్‌ల దాడులలో విట్బీ మఠం నాశనమైంది. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక అదే గుట్ట మీద మళ్ళీ మఠం లేచింది. అయితే అది పురుషులకే. ఒక స్త్రీ కట్టిన చోట స్త్రీకి చదువుకునే చోటు లేకుండా పోయింది. ఆ మఠాన్ని కూడా 1539లో ఎనిమిదో హెన్రీ రాజు మూసివేయించాడు. నేడు యాత్రికులు చూసేది ఆ రెండో మఠపు శిథిలాలే.

1893లో డొరొతియా బీల్ అనే విద్యావేత్త ఆక్స్‌ఫర్డులో అమ్మాయిల కోసం ఒక కళాశాల స్థాపించి దానికి సెయింట్ హిల్డా పేరు పెట్టింది. అప్పటికీ ఆ విశ్వవిద్యాలయం స్త్రీలకు డిగ్రీ ఇచ్చేది కాదు. 1920లో గానీ ఇవ్వలేదు. లెక్క వేయండి. ఐదుగురు బిషప్పులకు చదువు చెప్పించిన స్త్రీ 680లో పోయింది. పన్నెండు వందల ఏళ్ళు దాటాక గానీ ఆమె దేశపు ఆడపిల్లకు ఆక్స్‌ఫర్డు డిగ్రీ చేతికి రాలేదు. వచ్చిన చదువు నిలబడుతుందన్న హామీ ఎవరూ ఇవ్వరు. ఒక తరం అశ్రద్ధ చేస్తే పోతుంది. తిరిగి తెచ్చుకోవడానికి ఎన్ని తరాలు పడుతుందో చెప్పలేం. హిల్డా పేరుతో మనకు దగ్గరగా, ఊటీలో కూడా ఒక పాఠశాల ఉంది. ఇక్కడున్న తమిళనాడు వారిలో కొందరు ఆ బోర్డు చూసే ఉంటారు.

సైన్సు విద్యార్థులకు ఒక చిన్న మాట. విట్బీ తీరంలో పాము చుట్టలా కనిపించే శిలాజాలు దొరుకుతాయి. వాటిని అమ్మోనైట్లు అంటారు. మన పూజగదుల్లోని శాలగ్రామాలు, అరియలూరులో దొరికే శిలాజాలు కొన్ని ఆ కోవకు చెందినవే. హిల్డా పాములను రాళ్ళుగా మార్చిందని అక్కడి జనం కథ చెప్పుకొన్నారు. కథ కథే. కానీ శాస్త్రజ్ఞులు ఒక అమ్మోనైటు జాతికి ఆమె పేరు మీదనే హిల్డొసెరాస్ అని పెట్టారు.

తల్లిదండ్రులకు ఒక మనవి

అమ్మలారా, అయ్యలారా, ఈ సభలో దరఖాస్తులు చూసే పెద్దలను అడగండి. పదో తరగతిలో మంచి మార్కులు తెచ్చుకున్న ఆడపిల్లల పేర్లు ఇంటరు తరువాత జాబితాలో కనబడవు. మంచి సంబంధం వచ్చిందంటారు, హాస్టలు దూరమంటారు, తమ్ముడి ఫీజు కట్టాలంటారు. మీ కష్టం నాకు తెలియనిది కాదు. కూలి చేసో, చిన్న కొట్టు నడిపో పిల్లలను చదివిస్తున్నవారికి నేను నీతులు చెప్పను. ఒకటే అడుగుతాను. ఆపే ముందు ఒక్కసారి ట్రస్టు ఆఫీసుకు రండి. మాట్లాడండి. బ్రెగుస్విత్‌కు భర్త లేడు, రక్షణ లేదు, కానీ కూతురిలో వెలుగు చూసింది. మీరు అంతకంటే మెరుగైన స్థితిలోనే ఉన్నారు.

విద్యార్థులారా, మీలో ఎవరి వంతు ఎప్పుడు వస్తుందో తెలియదు. వాద్యం మీ వైపు వస్తున్నప్పుడు లేచి వెళ్ళిపోకండి. రాదనుకున్నదాన్ని ఒకసారి పాడి చూడండి. రేపు మీరు ఉద్యోగాల్లో, పదవుల్లో కూర్చున్నప్పుడు మీ ముందు ఒక కేడ్మన్ వచ్చి నిలబడతాడు. మాసిన బట్టలతో, తడబడే మాటలతో వస్తాడు. అతన్ని తలుపు దగ్గరే ఆపి పంపించవద్దు. లోపలికి పిలిచి, కూర్చోబెట్టి, ఏం వచ్చో చెప్పమనండి. ఈ రోజు మీరు తీసుకునే సాయానికి ట్రస్టు మీ దగ్గర వడ్డీ అడగదు. నేను అడిగే వడ్డీ మాత్రం అదే.